ఏడీహెచ్‌డీ ఉదయాలు: ఏ పోస్టు నిలుస్తుంది, ఎందుకు

ఏడీహెచ్‌డీ ఉన్న చాలామందికి రోజు మొత్తంలో గడ్డుకాలం ఉదయమే. పక్క మీద నుంచి లేచిన దగ్గర్నుంచి గడప దాటేదాకా ఉండే గంటా గంటన్నరలో పళ్లు తోముకోవడం, స్నానం, బట్టలు, టిఫిను, మందులు, సంచి, తాళాలు, ఫోను అన్నీ ఒక వరసలో, గడియారాన్ని కనిపెట్టుకుంటూ, ఎవరూ గుర్తు చేయకుండా జరిగిపోవాలి. పనులకు వరస పెట్టుకోవడం, ఏది ఎంతసేపు పడుతుందో అంచనా కట్టడం, చేస్తున్నది వదిలి తర్వాతదానికి మళ్లడం: ఏడీహెచ్‌డీ దెబ్బతీసేది సరిగ్గా ఈ మూడింటినే. మిగతావాళ్లు ఆలోచించకుండా దాటేసే ఆ గంట వీళ్లకు రోజూ కొత్తగా రాసే పరీక్ష. సోషల్ మీడియాలో ఏడీహెచ్‌డీ మీద వచ్చే పోస్టుల్లో ఉదయం దినచర్యకు ప్రత్యేకమైన చోటు దొరికింది అందుకే. వాటిలో కొన్ని లక్షల మందికి చేరి నెలల తరబడి తిరుగుతూనే ఉంటాయి. ఎక్కువ భాగం రెండు రోజుల్లో మరుగున పడతాయి. చేరిన వాటిలోనూ చూసినవాళ్ల ఉదయాన్ని పిసరంతైనా మార్చినవి వేరు, చూసి నవ్వుకుని వదిలేసినవి వేరు. పోస్టు విజయం గురించి మాట్లాడేటప్పుడు ఈ రెండు కొలతలనూ ఒకటిగా కలిపేయడం తరచూ జరిగే పొరపాటు.

ఉదయమే ఎందుకు

అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ ప్రచురించే రోగనిర్ధారణ గ్రంథం డీఎస్‌ఎం మూడో కూర్పు 1980లో ఏడీహెచ్‌డీకి 'అటెన్షన్ డెఫిసిట్ డిజార్డర్' అని పేరు పెట్టింది. 1987 సవరణలో 'హైపర్‌యాక్టివిటీ' అన్న మాట కూడా చేరి ఇప్పటి పేరు స్థిరపడింది. 2013 నాటి ఐదో కూర్పు ధ్యాస నిలవకపోవడం కింద 9, అతిచురుకుదనం, తొందరపాటు కింద మరో 9 లక్షణాలు చెబుతుంది. పిల్లల్లో అయితే ఏదో ఒక వర్గంలో కనీసం 6, పదిహేడేళ్లు నిండినవాళ్లలో 5 కనిపించాలి. వాటిలో కొన్ని పన్నెండేళ్లలోపే మొదలై ఉండాలి. ఇంట్లోనూ బడిలోనూ, లేదా ఇంట్లోనూ ఆఫీసులోనూ, కనీసం రెండు చోట్ల కనిపించాలి, బతుకుకు అడ్డుపడుతూ ఉండాలి. ప్రపంచవ్యాప్త అంచనాల ప్రకారం పిల్లల్లో సుమారు 5 శాతం మందికి, పెద్దల్లో సుమారు 2.5 శాతం మందికి ఏడీహెచ్‌డీ ఉంటుంది.

అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త రస్సెల్ బార్క్‌లీ 1997లో ఏడీహెచ్‌డీని స్వీయ నియంత్రణ లోపంగా వివరిస్తూ ఒక సిద్ధాంతం ప్రతిపాదించాడు. ఏం చేయాలో తెలియక కాదు, తెలిసినదాన్ని చేయాల్సిన క్షణంలో చేయలేకపోవడమే అసలు చిక్కు అన్నది ఆయన వాదనలో కీలకం. కాలం గడుస్తున్న స్పృహ లేకపోవడానికి 'టైమ్ బ్లైండ్‌నెస్' అన్న మాట జనంలోకి వెళ్లడానికి కూడా ఆయనే ప్రధాన కారణం. ఈ లెక్కన, పొద్దున్నే లేవడం ఎంత మంచిదో బోధించే పోస్టు వీళ్లకు కొత్తగా ఇచ్చేదేమీ లేదు. ఆ సంగతి వాళ్లకు చిన్నప్పటి నుంచీ తెలుసు, ఇంట్లో రోజూ ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు.

దీనికి నిద్ర తోడవుతుంది. నిద్ర పట్టని ఏడీహెచ్‌డీ పెద్దల మీద నెదర్లాండ్స్‌లో సాండ్రా కోయ్ బృందం చేసిన పరిశోధన 2010లో వెలువడింది. నిద్రకు సంకేతమిచ్చే మెలటోనిన్ హార్మోన్ వాళ్లలో ఇతరులకంటే దాదాపు గంటన్నర ఆలస్యంగా విడుదలవుతోందని అందులో తేలింది. అలాంటివాళ్లకు అలారం ఆరింటికి మోగితే శరీరం లెక్కలో అప్పటికింకా నాలుగున్నరే. ఇక పొద్దున వేసుకున్న మాత్ర పనిచేయడం మొదలయ్యేలోపే అసలు గొడవ జరిగిపోతుంది. రాత్రి వేసుకుంటే తెల్లారేసరికి పనిచేసే మిథైల్‌ఫెనిడేట్ క్యాప్సూల్‌కు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో అనుమతి ఇచ్చింది. ఉదయం సమస్య కోసం మందును వేరే రూపంలో తయారుచేయాల్సి వచ్చిందన్నమాట. ఇది బద్ధకం కాదని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

రెండు పాయలు

ఈ పోస్టులకు ముందు ఉదయాల మీద మరో రకం సాహిత్యం ఉంది. 2012లో హాల్ ఎల్‌రాడ్ 'ది మిరకిల్ మార్నింగ్', 2018లో రాబిన్ శర్మ 'ది 5 ఏఎమ్ క్లబ్' వచ్చాయి. 2021లో 'దట్ గర్ల్' పేరుతో తెల్లటి దుప్పట్లు, పచ్చటి జ్యూసులు, యోగా చాపలు వీడియోల నిండా పరుచుకున్నాయి. 2025 మార్చిలో తెల్లవారుజామున 3:52కి మొదలయ్యే ఒక ఫిట్‌నెస్ కోచ్ దినచర్య ప్రపంచమంతా తిరిగింది. ఈ పాయలోని వీడియోలు చూడముచ్చటగా ఉంటాయి. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లకు అవి మిగిల్చేది మాత్రం సిగ్గు. తెలుగు పాఠకుడికి ఈ పాయ విదేశీ కూడా కాదు. బ్రాహ్మీ ముహూర్తంలో లేచినవాడే ప్రయోజకుడన్న మాట ఇళ్లలో వినబడుతూనే ఉంటుంది. తెల్లవారకముందే స్టడీ అవర్‌కు కూర్చోబెట్టే రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలు ఆ మాటను టైమ్‌టేబుల్‌గా మార్చేశాయి.

రెండో పాయ దీనికి ఎదురుగా పుట్టింది. అమెరికాకు చెందిన జెస్సికా మెకేబ్ 2016లో 'హౌ టు ఏడీహెచ్‌డీ' యూట్యూబ్ ఛానెల్ మొదలుపెట్టింది. 2017లో టెడ్‌ఎక్స్ ప్రసంగం చేసింది, 2024లో అదే పేరుతో పుస్తకం తెచ్చింది. డానీ డోనవన్ 2018 చివర్లో ఏడీహెచ్‌డీ ఉన్న మనిషి కథ చెప్పే తీరును ఒక గీతల పటంగా గీసి ట్విట్టర్‌లో పెడితే అది విపరీతంగా పంచుకోబడి, బొమ్మలతో ఏడీహెచ్‌డీని చెప్పే ఒరవడికి ఊపునిచ్చింది. ఇంటిపని ఎలా ఉందన్నదాన్ని బట్టి మనిషి మంచిచెడ్డలు తేల్చకూడదని కే.సీ. డేవిస్ టిక్‌టాక్‌లోనూ, 2022 నాటి తన పుస్తకంలోనూ చెబుతూ వచ్చింది. వీళ్ల ఉదయాల్లో చెదిరిన పక్కలు, చల్లారిన కాఫీ కనిపిస్తాయి. 2020 లాక్‌డౌన్‌లలో ఈ పాయ వరదైంది. అదే ఏడాది జూన్ 29న భారత ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించింది. జూలైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ ఇక్కడికి వచ్చాయి. తెలుగు ప్రేక్షకుడికి ఈ పోస్టులు చేరింది ప్రధానంగా ఈ రెండు దారుల్లోనే.

వేదిక లెక్కపెట్టేది

యూట్యూబ్ 2012లోనే క్లిక్కుల కంటే చూసిన సమయానికి ఎక్కువ విలువ ఇవ్వడం మొదలుపెట్టింది. వీడియోను చివరిదాకా చూడటం బలమైన సంకేతమనీ, ఫాలోయర్ల సంఖ్య నేరుగా లెక్కలోకి రాదనీ టిక్‌టాక్ 2020 జూన్‌లో ప్రకటించింది. చూసిన సమయం, లైకులు, ఇతరులకు పంపడం తమకు అన్నిటికంటే ముఖ్యమైనవనీ, కొత్తవాళ్లకు చేరాలంటే పంపడానికి ఎక్కువ బరువుంటుందనీ ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొస్సేరి 2025 జనవరిలో చెప్పాడు. అంటే ఎవరో తెలియని మనిషి పెట్టిన పోస్టు కూడా, చివరిదాకా చూసేలా ఉండి మరొకరికి పంపాలనిపిస్తే ఎంత దూరమైనా పోగలదు.

మనుషులు దేన్ని పంపుతారన్నది వేరే ప్రశ్న. జోనా బెర్గర్, క్యాథరిన్ మిల్క్‌మన్ 2012లో ప్రచురించిన పరిశోధనలో న్యూయార్క్ టైమ్స్‌లో మూడు నెలల పాటు వచ్చిన సుమారు 7,000 వ్యాసాలను పరిశీలించారు. ఆశ్చర్యం, కోపం, ఆందోళన లాంటి కదిలించే భావాలున్నవి ఎక్కువ పంచుకోబడ్డాయి. మనిషిని నీరసపరిచే విషాదం అంతగా ప్రయాణించలేదు. ఏడీహెచ్‌డీ ఉదయాల పోస్టుల్లో ఆ కదలిక ఎక్కువగా 'ఇది నేనే కదా' అన్న గుర్తింపు నుంచి వస్తుంది. భార్య భర్తకు పంపుతుంది, అక్క తమ్ముడికి పంపుతుంది, కొడుకు ఇన్నాళ్లూ నోటితో చెప్పలేని సంగతిని తల్లికి పంపుతాడు. ఈ మూడో రకం పంపకం చాలా విలువైనది. అక్కడ పోస్టు వినోదంగా కాక వకాల్తాగా పనిచేస్తుంది.

ఒక సాక్సు

బాగా నడిచే ఒక తరహా పోస్టును దగ్గరగా చూస్తే దాని పనితనం తెలుస్తుంది. తెర మీద మంచం అంచు. ఒక కాలికి సాక్సు ఉంది, రెండోది చేతిలో ఉంది. మూలన టైము 7:10. మనిషి ఎటో చూస్తున్నాడు. దృశ్యం మారదు, టైము మాత్రం 7:34 అవుతుంది. రెండో సాక్సు ఇంకా చేతిలోనే ఉంది. తర్వాతి దృశ్యంలో వీధి తలుపు పక్క చెప్పుల స్టాండు, అందులో ఒక డబ్బా, డబ్బా నిండా సాక్సులు. మనిషి నిలబడే తొడుక్కుని, బూట్లు వేసుకుని బయటపడతాడు. మొత్తం ముప్పై సెకన్లు.

ఇందులో జబ్బు పేరు లేదు, ఉపన్యాసం లేదు. పని తెలిసీ శరీరం కదలని ఆ ఇరవై నాలుగు నిమిషాలు ఉన్నాయి. చూసేవాడు తనను గుర్తుపట్టేది అక్కడ. తర్వాత వచ్చిన పరిష్కారం మనిషిని మారమనలేదు, వస్తువు చోటు మార్చింది. సహాయం పని జరిగే చోటే, జరిగే క్షణంలోనే అందాలన్న బార్క్‌లీ సూత్రం అక్కడ ఒక్క డబ్బాలో కనిపిస్తుంది. పడకగదిలో కూర్చునే అవకాశం ఉంటే కూర్చుండిపోతాడు. తలుపు దగ్గర మంచం లేదు.

నిలిచే పోస్టులకు ఇలా ఒక్క విషయానికే పరిమితం కావడమే ప్రాణం. లేచింది మొదలు బయలుదేరేదాకా పన్నెండు మెట్లు చెప్పే పోస్టు చూడ్డానికి నిండుగా ఉంటుంది, ఆచరణలో మూడో మెట్టు దగ్గర కూలుతుంది. పన్నెండు మెట్లు గుర్తుంచుకోగలిగితే ఆ పోస్టు అవసరమే ఉండదు. ఒకే ఒక్క ఇరుకును పట్టుకున్నది ముందుకెళ్తుంది: బాత్రూంలో నీళ్ల కింద నిలబడిపోవడం, అలారం ఆపడానికి ఫోను తీసి అందులోనే మునిగిపోవడం, తాళాల కోసం ఇల్లంతా తిరగడం. 'జాగ్రత్తగా ఉండాలి' అనే సలహా కంటే 'ఫలానాది జరిగితే ఫలానాది చేయాలి' అని ముందే ముడి వేసుకున్న సంకల్పం బాగా పనిచేస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ 1999లో చూపాడు. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలకు కూడా అలాంటి ముడులు మేలు చేస్తాయని కాటెరీనా గావ్రిలోతో కలిసి 2008లో ప్రచురించాడు. బ్రష్ గ్లాసులో పెట్టగానే మాత్ర, అని చెప్పే పోస్టు తెలిసో తెలియకో ఈ పరిశోధనను అనుసరిస్తోంది.

కాలాన్ని కంటికో చెవికో అందేలా చేసేవి ఇంకో మంచి రకం. రంగు తగ్గుతూ పోయే టైమర్లు, ఒక్కో పనికి ఒక్కో పాట పెట్టుకున్న ప్లేలిస్టులు విదేశీ పోస్టుల్లో ఎక్కువ. తెలుగిళ్లలో ఈ ఏర్పాటు ఎప్పటినుంచో ఉంది. సుప్రభాతం అయ్యేలోపు స్నానం, కుక్కర్ మూడో విజిల్‌కి జడ, స్కూలు వ్యాను హారన్‌కి బూట్లు. గడియారం చూడని మనిషికి కాలం వినిపిస్తుంది. ఈ సంగతిని పట్టుకుని తెలుగులో చేసే రీలు, అమెరికన్ టైమర్‌ను చూపించే రీలు కంటే ఎక్కువ మందికి ఉపయోగపడుతుంది. ఎందుకంటే కొనాల్సిందేమీ లేదు. పక్కన ఇంకో మనిషి ఉంటే పని సాగుతుందన్న 'బాడీ డబ్లింగ్' కూడా అంతే. ఒంటరి అపార్టుమెంట్లలో ఉండేవాళ్లు వీడియో కాల్ పెట్టుకుని సంపాదించుకునేది, వంటింటి గట్టు మీద పిల్లాడిని కూర్చోబెట్టుకుని పాలు తాగించే అమ్మమ్మ దగ్గర ఉచితం.

ఇవి కాక చిన్న చిన్న హంగులు ఉన్నాయి. మొదటి రెండు సెకన్లలోనే విషయం కనిపించాలి, తెర మీద అక్షరాలు తక్కువగా, పెద్దగా ఉండాలి, శబ్దం లేకుండా చూసినా అర్థమవాలి. వీటి గురించి కంటెంట్ పాఠాల్లో చెప్పేదంతా ఇక్కడా వర్తిస్తుంది.

ఏడో రోజు

వేదికలు గొప్పగా లెక్కించే వాటిలో 'సేవ్' ఒకటి. ఈ ప్రేక్షకుల విషయంలో ఆ సంఖ్య మోసం చేస్తుంది. పోస్టు దాచుకోగానే పని అయిపోయినంత తృప్తి కలుగుతుంది, దాచిన సంగతి మర్నాటికే మరుగున పడుతుంది. కొత్తదనం ఉన్నన్నాళ్లు ఏ పద్ధతైనా పనిచేయడం, అది పోగానే మూలన పడటం ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లకు బాగా అనుభవమైన సంగతి. మొదటి రోజు ఉత్సాహంగా గోడకు అంటించిన చార్టు రెండో వారానికి గోడలో భాగమైపోతుంది, కంటికి ఆనదు.

అందుకే ఏడో రోజు గురించి మాట్లాడే పోస్టు అరుదైనదీ, విలువైనదీ. చార్టు కనబడటం మానేస్తే రంగు మార్చాలా, చోటు మార్చాలా? లేవలేకపోయిన రోజు ఏం వదిలేయాలి, ఏది మాత్రం వదలకూడదు? మంచి రోజుకొకటి, చెడ్డ రోజుకొకటి రెండు దినచర్యలు చూపి, చెడ్డ రోజుది మూడే పనులతో ముగించే పోస్టుల కింద వ్యాఖ్యలు వేరుగా ఉంటాయి. నవ్వు బొమ్మలు తగ్గుతాయి, 'మా వాడికి ఇది పెట్టి చూశాం, ఫలానా చోట కుదరలేదు' అన్న మాటలు పెరుగుతాయి. వ్యూస్ సంఖ్య కంటే ఆ వ్యాఖ్యలే నమ్మదగిన కొలత.

చేరువా, నిజమా

ఈ రంగంలో అందరినీ కలవరపెట్టిన అధ్యయనాలు రెండు. 2022లో కెనడియన్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలో వచ్చినది టిక్‌టాక్‌లో అత్యంత ప్రజాదరణ పొందిన 100 ఏడీహెచ్‌డీ వీడియోలను పరిశీలించింది. 52 శాతం తప్పుదారి పట్టించేవి, 27 శాతం సొంత అనుభవాలు, 21 శాతం మాత్రమే ఉపయోగకరమైనవి అని తేల్చింది. బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2025 మార్చిలో ప్లాస్ వన్ పత్రికలో ప్రచురించినది 98 వీడియోలను ఇద్దరు క్లినికల్ సైకాలజిస్టులకు చూపించింది. వాటిలోని లక్షణాల ప్రస్తావనల్లో సగం కూడా రోగనిర్ధారణ ప్రమాణాలతో సరిపోలలేదు. 843 మంది విద్యార్థులు కూడా పాల్గొన్న ఆ అధ్యయనంలో, ఇలాంటి వీడియోలు ఎక్కువ చూసేవాళ్లు సమాజంలో ఏడీహెచ్‌డీ ఉన్నదానికంటే చాలా ఎక్కువని ఊహించుకున్నట్టు బయటపడింది.

ఉదయాల పోస్టులకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. పొద్దున్నే లేవాలంటే కష్టపడనివాళ్లు, ఎప్పుడో ఒకప్పుడు తాళాలు వెతుక్కోనివాళ్లు ఎంతమంది? అందరికీ జరిగేదాన్ని లక్షణంగా చెబితే అందరూ తమను గుర్తుపడతారు, అందరూ పంపుతారు, వేదిక దాన్ని ఇంకా పైకి తోస్తుంది. గుర్తింపు ఎంత వెడల్పైతే రోగనిర్ధారణకు అంత దూరం. రాత్రి రెండింటిదాకా ఫోను చూసి పొద్దున లేవలేకపోవడానికీ, ఇరవై ఏళ్లుగా బడిలో, కాలేజీలో, ఉద్యోగంలో అదే గంట దగ్గర ఓడిపోతూ ఉండటానికీ ఉన్న తేడాను ముప్పై సెకన్లలో చూపడం కష్టం. డీఎస్‌ఎం పెట్టిన రెండు చోట్ల షరతు, పన్నెండేళ్ల షరతు ఉన్నది ఆ తేడా కోసమే.

దీన్ని దాటిన పోస్టులు ఒక మామూలు మర్యాద పాటిస్తాయి. 'ఏడీహెచ్‌డీ ఉంటే ఇలా చేస్తారు' అనవు, 'నాకు ఇలా జరుగుతుంది, డాక్టరు ఇలా చెప్పారు' అంటాయి. చెబుతున్నది రోగియా, వైద్యుడా, కోచా అన్నది దాచవు. అమ్మకం ఉంటే చెప్పేస్తాయి. ఏడీహెచ్‌డీని ఊబకాయానికి ముడిపెట్టిన ఒక అమెరికన్ టెలీహెల్త్ సంస్థ ప్రకటనలను 2022 ప్రారంభంలో ఇన్‌స్టాగ్రామ్, టిక్‌టాక్ తొలగించాల్సి వచ్చింది. పోస్టు చివర క్విజ్, క్విజ్ చివర మందుల చీటీ ఉంటే ఆ విజయం వ్యాపారానిది.

ఇక్కడి ఇళ్లలో

2024 మేలో మలయాళ నటుడు ఫహద్ ఫాజిల్ తనకు 41వ ఏట ఏడీహెచ్‌డీ ఉన్నట్టు తెలిసిందని ఒక కార్యక్రమంలో చెప్పాడు. 'పుష్ప'లో షెకావత్‌గా ఆయన్ని చూసిన తెలుగు ప్రేక్షకులకు ఆ నాలుగక్షరాల ఇంగ్లీషు మాటకు ఒక ముఖం దొరికింది. అదే ఏడాది అక్టోబరులో ఆలియా భట్ కూడా తన సంగతి చెప్పింది. అయితే ఇంగ్లీషు పోస్టుల్లోని ఉదయాన్ని ఉన్నదున్నట్టు దించుకుంటే ఇక్కడ కుదరదు. అమెరికన్ పోస్టుల్లో బాగా తిరిగే చిట్కా ఒకటుంది: మొదటి అలారానికి మాత్ర వేసుకుని మళ్లీ పడుకోవడం, మాత్ర పనిచేసే వేళకు రెండో అలారానికి లేవడం. భారతదేశంలో మిథైల్‌ఫెనిడేట్ మాదకద్రవ్యాల (ఎన్‌డీపీఎస్) చట్టం కింద నియంత్రణలో ఉన్న మందు. అక్కడి పోస్టుల్లో తరచూ వినబడే యాడరాల్ అనే మందు ఇక్కడ దొరకదు. వైద్యుడి మాట లేకుండా మందు వేళలు మార్చుకోవడం చిట్కాలతో తేలే విషయం కాదు.

ఉదయం ఒక్కరి సొత్తు కాకపోవడం ఇంకో తేడా. నలుగురికి ఒకే బాత్రూం, నీళ్లు వచ్చే వేళ, వరసగా మూడు క్యారేజీలు. ఇక ఏడీహెచ్‌డీ ఉన్నది ఆ ఇంటి తల్లికే అయితే? ఆడవాళ్లలో, ముఖ్యంగా పరధ్యానం రూపంలో ఉన్నప్పుడు, ఏడీహెచ్‌డీ ఆలస్యంగా బయటపడుతుందన్నది వైద్యులు ఒప్పుకున్న సంగతి. ఇడ్లీ పిండి బయట తీసి పెట్టడం మరిచిన, చిన్నవాడి డబ్బా పెద్దవాడి సంచిలో పెట్టిన ఆ మనిషికి ఇంట్లో దొరికే పేరు 'నిర్లక్ష్యం'. పిల్లల డబ్బాలకు రెండు రంగుల మూతలు, రాత్రే గట్టు మీద వరసగా పెట్టిన గిన్నెలు చూపించే తెలుగు పోస్టు ఆమెకు చేసే మేలు ఏ విదేశీ ప్లానరూ చేయలేదు. ఇలాంటివి ఇంకా చాలా రావాలి. తెలుగులో ఈ విషయం మీద మాట్లాడేవాళ్లు పిల్లల అల్లరి దగ్గరే ఆగిపోతున్నారు. పెద్దల ఉదయాలు, అందులోనూ ఆడవాళ్ల ఉదయాలు, ఇంకా తెర మీదికి రావాల్సే ఉంది.

పోస్టులో తనను తాను గుర్తుపట్టిన మనిషి తర్వాతి అడుగు మానసిక వైద్య నిపుణుడి దగ్గరికి వేయాలి. అది వెంటనే కుదరకపోతే కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ ఉంది. నంబరు 14416. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, కాల్ ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు.